వన్యప్రాణి నాణేలు: ముందు తూకం వేయండి, తర్వాత బొమ్మ చూడండి

మీరు అడిగినవి మూడు. పెదనాన్నగారి పెట్టెలో దొరికిన 1970ల నాటి జంతువుల వెండి నాణేలు అసలైనవేనా? పులుల రక్షణ పథకం ప్రాజెక్ట్ టైగర్ పేరిట వచ్చిన 50 రూపాయల నాణెం కొనాలంటే ఏం చూసుకోవాలి? వీటన్నిటినీ చెన్నై వేళచ్చేరిలో, ఆ ఉప్పుగాలిలో, నల్లబడకుండా ఎలా దాచాలి? మొదటిదానికి సమాధానం తూకంలో ఉంది, మూడోదానికి డబ్బాలో ఉంది. రెండోది ఈ రెండూ తెలిస్తే సగం తేలిపోతుంది.

ముందు మీ దగ్గర ఉన్నవేమిటో చెప్తాను. 1974లో ప్రకృతి, వన్యప్రాణుల రక్షణకు పనిచేసే ఐయూసీఎన్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థలు బ్రిటన్ రాయల్ మింట్‌తో కలిసి ఒక సిరీస్ మొదలుపెట్టాయి. 24 దేశాలు అందులో చేరాయి. ఒక్కో దేశం రెండు వెండి నాణేలు, ఒక బంగారు నాణెం విడుదల చేసింది. అమ్మకాల్లో కొంత భాగం ఆ జంతువుల రక్షణకే వెళ్లింది. నేపాల్ 25 రూపాయల మీద డాంఫె నెమలికోడి, 50 మీద ఎర్ర పాండా, 1000 రూపాయల బంగారు నాణెం మీద ఒంటికొమ్ము ఖడ్గమృగం వేసింది. పాకిస్తాన్ 1976లో 150 రూపాయల మీద ఘరియాల్ మొసలిని, 3000 రూపాయల బంగారు నాణెం మీద మార్ఖోర్ అడవిమేకను వేసింది. మారిషస్ 50 రూపాయల మీద ఉన్న డేగ, మారిషస్ కెస్ట్రెల్, 1974 నాటికి అడవిలో లెక్కతేలినవి నాలుగే. ఆ పక్షి ఈనాటికీ ఎగురుతోంది. ఇండోనేషియా 2000 రూపియా మీది జావా పులి మాత్రం లేదు. ఆ జాతి అంతరించిపోయింది. థాయ్‌లాండ్ 2500 బాట్ బంగారు నాణెం మీద వేసిన తెల్లకన్ను నదీపిచ్చుకను శాస్త్రవేత్తలు గుర్తించిందే 1968లో. 1978 తర్వాత అది కనిపించినట్టు రుజువైన దాఖలా లేదు. ఈ సిరీస్ మీద ఇంత అభిమానం ఎందుకంటే ఇందుకే. అప్పట్లో ఏ జంతువు ఏ స్థితిలో ఉందో లోహంలో అచ్చుపడి ఉంది.

ఇక అసలా నకిలీయా అన్న సంగతి. ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. ఈ సిరీస్‌లో ఒకే నాణెం రెండు రకాలుగా వచ్చింది, ప్రూఫ్, యూఎన్‌సీ. ప్రూఫ్ అంటే అద్దంలా మెరిసే నేల మీద మంచు పట్టినట్టు తెల్లగా కనిపించే బొమ్మ. యూఎన్‌సీ అంటే చలామణిలోకి వెళ్లని మామూలు అచ్చు. కొన్ని దేశాల నాణేల్లో ఈ రెంటికీ తేడా మెరుపులోనే కాదు, లోహంలోనూ ఉంది. జావా పులి 2000 రూపియానే తీసుకోండి. ప్రూఫ్ 28.28 గ్రాములు, 925 వెండి, అంటే వెయ్యిలో 925 పాళ్లు వెండి. యూఎన్‌సీ 25.65 గ్రాములు, 500 వెండి. రెండూ 38.61 మిల్లీమీటర్ల వెడల్పే. దాని జోడీ అయిన ఒరంగుటాన్ 5000 రూపియా ప్రూఫ్ 35 గ్రాములు, యూఎన్‌సీ 32 గ్రాములు. కేటలాగులో ఒక వరుస మాత్రమే చూసి, తన నాణెం రెండున్నర గ్రాములు తక్కువ తూగిందని నకిలీ అనుకుని తక్కువకు వదిలేసుకున్నవాళ్లు ఉన్నారు. దీనికి రివర్సు ఇంకా ప్రమాదం. యూఎన్‌సీ నాణేన్ని మెరుగు పెట్టించి ప్రూఫ్ పేరుతో అమ్ముతారు. కంటికి తేడా తెలియకపోవచ్చు, తక్కెడకు తెలిసిపోతుంది. 25.65 తూగే జావా పులిని ఎవరెంత మెరిపించినా అది ప్రూఫ్ కాదు.

తక్కెడ 0.01 గ్రాము చూపేది కావాలి. 200 గ్రాముల సామర్థ్యం ఉన్న పాకెట్ స్కేల్ చాలు. దాంతోపాటు తక్కెడను సరిచూసుకోవడానికి 50 లేక 100 గ్రాముల క్యాలిబ్రేషన్ బాటు తీసుకోండి, లేకపోతే అంకె నమ్మలేం. తూచేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఆ గాలికి చివరి అంకె ఊగుతూనే ఉంటుంది, మూడుసార్లు తూస్తే మూడు లెక్కలు వస్తాయి. చెప్పిన తూకానికి 0.1 నుంచి 0.2 గ్రాము అటూఇటూ ఉంటే కంగారక్కర్లేదు. అర గ్రాము దాటితే ఆగి ఆలోచించాలి.

అయస్కాంతం కూడా పెట్టండి, కానీ దాని సాక్ష్యం ఒకవైపే చెల్లుతుంది. వెండి నాణెం అంటుకుందంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టే, ఇక మాట్లాడాల్సింది లేదు. అంటుకోలేదని మాత్రం వెండి అనుకోకూడదు. రాగి, ఇత్తడి, కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) ఏవీ అంటుకోవు, నకిలీలు ఎక్కువగా వాటితోనే చేస్తారు. వాటిని పట్టేది సాంద్రత. 925 వెండి సాంద్రత దాదాపు 10.36, కుప్రోనికెల్‌ది 8.9, ఇత్తడిది ఎనిమిదిన్నర దరిదాపులు. అంటే వెడల్పు, తూకం రెండూ సరిపోయేలా కుప్రోనికెల్‌తో నకిలీ చేయాలంటే మందం ఆరోవంతు దాకా పెరిగి తీరాలి. కాబట్టి డిజిటల్ వెర్నియర్‌తో అంచు మందం కొలిచి, నమ్మకమైన ఇంకో నాణెంతో పోలిస్తే చాలాసార్లు నీళ్ల దాకా వెళ్లే పనే ఉండదు. వెర్నియర్ దవడలు ప్లాస్టిక్‌వి అయి ఉండాలి. స్టీలువైతే అంచు మీద గీత పడుతుంది.

ఇంకా అనుమానం తీరకపోతే నీటి పరీక్ష. చిన్న గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి (రెండూ కలిపి తక్కెడ సామర్థ్యం దాటకూడదు) తక్కెడ మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి నీళ్లలోకి పూర్తిగా దించండి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. ఇప్పుడు తక్కెడ చూపే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 28.28 గ్రాముల 925 వెండి అయితే తక్కెడ 2.73 దగ్గర ఆగాలి. అదే తూకం కుప్రోనికెల్ అయితే 3.18 చూపుతుంది. 25.65 గ్రాముల 500 వెండి అయితే 2.65 దగ్గర ఉంటుంది, సాంద్రత 9.6, 9.7 మధ్య. లెక్క తప్పడానికి పెద్ద కారణం అక్షరాల సందుల్లో, అంచు గాట్లలో చిక్కుకునే గాలిబుడగలు. బుడగ కూడా నీటిని తొలగిస్తుంది కాబట్టి అంకె పెరిగి, సాంద్రత తగ్గినట్టు కనిపిస్తుంది. అసలైన నాణెం నకిలీగా తేలే ప్రమాదం అక్కడే. దారాన్ని మెల్లగా తట్టి బుడగలు వదిలించి మళ్లీ చూడండి. ప్రూఫ్ నాణేలకు ఈ పరీక్ష చివరి దారి మాత్రమే. తూకం, వెడల్పు, మందం మూడూ సరిపోతే నీళ్లు తగలనివ్వకండి.

షావుకారుపేటలో, ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డులో నగల దుకాణాల దగ్గర ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్లు (ఎక్స్-కిరణాలతో లోహాన్ని పరీక్షించేవి) ఉంటాయి. నిమిషంలో వెండి శాతం చెప్తాయి. అయితే ఆ మిషన్ చూసేది పైపొరనే. మందంగా వెండి పూత పెట్టిన నాణేన్ని కూడా మంచి వెండి అనేస్తుంది. అందుకని ఎక్స్‌ఆర్‌ఎఫ్ చీటీ ఒక్కటే పట్టుకుని కొనకండి, దానికి సాంద్రత తోడుండాలి. ఇంకో జాగ్రత్త. అక్కడ నాణెం ఇచ్చేటప్పుడు ముందే చెప్పండి, గీటురాయి మీద రుద్దొద్దని, వేళ్లతో ముఖం పట్టుకోవద్దని. వాళ్లకది వెండి ముక్క, నగల వ్యాపారంలో అది తప్పూ కాదు. మనకు ఆ ఒక్క రుద్దుతో పోయేది చాలా ఎక్కువ.

ఇప్పుడు పులి నాణెం. ప్రాజెక్ట్ టైగర్ 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అభయారణ్యాలతో మొదలైంది, అందులో మన పక్కనున్న బందీపూర్ ఒకటి. యాభై ఏళ్లయిన సందర్భంగా 2023 ఏప్రిల్ 9న మైసూరులో ప్రధాని ఈ 50 రూపాయల నాణేన్ని విడుదల చేశారు. ఇలాంటి స్మారక నాణేలు బ్యాంకు కౌంటర్లో దొరకవు. భారత ప్రభుత్వ టంకశాలలను నడిపే ఎస్‌పీఎంసీఐఎల్ తన వెబ్‌సైట్‌లో కొద్దిరోజులు బుకింగ్ తెరిచి, ప్రూఫ్, యూఎన్‌సీ రకాలుగా అమ్ముతుంది. డబ్బు ముందే కట్టాలి, పార్శిల్ రావడానికి నెలలు పడుతుంది. ముఖవిలువ 50 అయినా అమ్మకం ధర దానికి చాలా పైన ఉంటుంది, అది మోసం కాదు. బుకింగ్ ముగిశాక డీలర్ల దగ్గరో వేలంలోనో కొనడమే.

కొనేముందు ఆ నాణెం గెజెట్ నోటిఫికేషన్ చదవండి, ఈ-గెజెట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రతి స్మారక నాణేనికీ లోహం, తూకం, వెడల్పు, అంచు మీద గాట్ల సంఖ్య, బొమ్మ వివరం అక్షరాలా రాసి ఉంటాయి. మన పెద్ద వెండి స్మారక నాణేల్లో ఏళ్ల తరబడి వాడిన కొలత 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, 200 గాట్లు. లోహం నాలుగింటి మిశ్రమం: వెండి 50, రాగి 40, నికెల్ 5, జింకు 5 శాతం. ఆ మిశ్రమం సాంద్రత సుమారు 9.5. నీటి పరీక్షలో 3.67 దగ్గర అంకె రావాలి. అందులో స్వచ్ఛమైన వెండి 17.5 గ్రాములే. 28.28 గ్రాముల 925 నాణెంలో 26.16 గ్రాములు ఉంటుంది. అడిగిన ధరలోంచి ఆరోజు వెండి రేటు ప్రకారం ఈ విలువ తీసేస్తే మిగిలేదే సేకరణ విలువ. ఆ మిగులుకు మీరు ఎందుకు డబ్బు కడుతున్నారో మీకు మీరు చెప్పుకోగలగాలి. ప్రూఫ్ కాబట్టా, తక్కువగా అచ్చయింది కాబట్టా, అసలు పెట్టె, సర్టిఫికెట్ ఉన్నాయి కాబట్టా? పులి బొమ్మ ఉందన్నది ఒక్కటే కారణం అయితే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు ప్రపంచమంతా చిన్న చిన్న ద్వీప దేశాల పేర్లతో ప్రైవేటు మింట్లు అచ్చువేసే జంతువుల నాణేలు కుప్పలుగా వస్తున్నాయి. రంగు పూసినవి, బంగారు పూతవి, కంటిలో రాయి పొదిగినవి. వాటిలో మంచి పనితనం ఉన్నవి లేకపోలేదు. కానీ చాలావాటిలో లోహం వెండి పూత పూసిన కుప్రోనికెల్, తిరిగి అమ్మబోతే అడిగేవాళ్లు ఉండరు. ఇంకొన్నిటి మీద దేశం పేరూ ముఖవిలువా ఏవీ ఉండవు. అవి నాణేలే కావు, పతకాలు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎవరి పేరు మీద వచ్చింది, ఏ లోహం, ఎంత విలువ రాసి ఉంది?

పాండా గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు మాటలు. చైనా 1982 నుంచి బంగారు పాండాలు వేస్తోంది, వెండివి ఆ మరుసటేడు మొదలయ్యాయి. బొమ్మ దాదాపు ఏటా మారుతుంది. 2016 నుంచి ఔన్సు (31.1 గ్రాములు) బదులు 30 గ్రాములకు మార్చారు. కాబట్టి 2018 పాండా 31.1 తూగితే అనుమానించాల్సిందే. నకిలీలు అత్యధికంగా ఉన్న వెండి నాణేల్లో ఇదొకటి. అదే 2016లో ఐయూసీఎన్ పాండాను ఒక మెట్టు కిందికి, అంటే కాస్త సురక్షితమైన వర్గంలోకి, మార్చింది. మీ ఆల్బమ్‌లో జంతువు స్థితి రాసుకుంటుంటే ఇలాంటివి ఎప్పటికప్పుడు సరిచేయండి.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే ఇంట్లో పిల్లల చేత మన 25 పైసల ఖడ్గమృగం పట్టించండి. 1988 నుంచి 2002 దాకా వచ్చింది, స్టెయిన్‌లెస్ స్టీలు, 19 మిల్లీమీటర్లు. ఇది అయస్కాంతానికి అంటుకోవాలి, అంటుకోకపోతేనే తప్పు. తేదీ కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాలది, డైమండ్ గుర్తు ఉంటే ముంబైది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. సంవత్సరాలు, గుర్తులు కలిపి వరుస కట్టడమే ఒక మంచి సేకరణ. 2011 జూన్ 30తో ఇవి చెల్లకుండా పోయాయి. కోట్లలో అచ్చయిన ఈ పైసలకు లక్షలిస్తామని ఫోన్లు, వీడియోలు వస్తాయి. చివరికి రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ మీ దగ్గరే డబ్బు లాగుతారు. తన పేరు వాడుకుంటున్న ఈ దందా గురించి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది.

ఇక దాచడం. మద్రాసులో నాణేలు పోయేది దొంగల వల్ల కాదు, గాలి వల్ల. వెండిని నల్లబరిచేది గంధకం, దాన్ని తొందరపెట్టేది తేమ. 40 శాతం రాగి ఉన్న మన మిశ్రమం మీద గోధుమరంగు మచ్చలు 999 వెండి కన్నా త్వరగా వస్తాయి. గంధకం ఎక్కణ్ణుంచి వస్తుందంటే రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపరు, అట్టపెట్టెలు, ఉన్ని బట్టల నుంచి. కొత్త ప్లైవుడ్ అల్మరా వదిలే ఆమ్లపు ఆవిర్లు వేరే. బీరువాలో కలరా ఉండలు ఉన్నచోట నాణేలు పెట్టకండి. వెండి కదా అని పూజగదిలో పెట్టడం మనవాళ్లకు అలవాటు. కుంకుమ, కర్పూరం మసి, విభూతి మూడూ ప్రూఫ్ నాణేనికి చేటే. లక్ష్మీదేవి రూపు అక్కడ ఉండనివ్వండి, పులిని మాత్రం బయటికి తెచ్చేయండి.

మింట్ ఇచ్చిన పెట్టె చూడ్డానికి బాగుంటుంది గానీ, దాని వెల్వెట్, జిగురు, స్పాంజి నాణేనికి మంచివి కావు. పెట్టెను విడిగా దాచండి, అమ్మేటప్పుడు దానికి విలువ ఉంది. నాణేన్ని మాత్రం గట్టి క్యాప్సూల్‌లో, అంటే నాణెం సైజుకు సరిపోయే గుండ్రటి గట్టి ప్లాస్టిక్ డబ్బీలో, పెట్టండి. 44 మిల్లీమీటర్ల వాటికి ఆ సైజుదే, 38.61 వాటికి 39 సైజు. వదులుగా ఉంటే లోపల ఆడి అంచు అరుగుతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లు వద్దు. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తుందంటే అది పీవీసీ, ఒకట్రెండేళ్లలో నాణెం మీద పచ్చటి జిగురు దింపుతుంది. అట్ట హోల్డర్లకు కొట్టే స్టేపుల్ పిన్నులు మన గాలికి తుప్పుపడతాయి. అవి కూడా మానేయండి.

క్యాప్సూళ్లన్నీ నాలుగైదు లీటర్ల గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, 100 గ్రాముల రంగు మారే సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు, వెండిని నల్లబడనివ్వని ఒక యాంటీ టార్నిష్ కాగితం వేయండి. మీటరు 40 దగ్గర ఉంటే మంచిది, 50 దాటితే జెల్ పని అయిపోయింది. జెల్‌ను ఓటీజీ ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, చల్లారాక మళ్లీ వేయండి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, డబ్బా తెరవకపోవడమే ఉత్తమం. బ్యాంకు లాకరులో పెట్టినా ఇదే డబ్బాతో పెట్టండి.

మీ పెట్టెలోని వాటికి ఇప్పటికే పచ్చ జిగురు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్ ఒక్కటే మందు. గోళ్ల రంగు తుడిచేది కాదు, ల్యాబ్ సామాన్ల షాపులో దొరికేది. రెండు గాజు గిన్నెలు తీసుకోండి, ప్లాస్టిక్ గిన్నె కరుగుతుంది. మొదటిదాంట్లో ఐదు పది నిమిషాలు ఉంచి, మెల్లగా కదిపి, రెండోదాంట్లో కొత్త అసిటోన్‌తో కడిగి, టిష్యూ మీద ఏటవాలుగా నిలబెట్టండి, తుడవకండి. కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ ఉండకూడదు. చెన్నైలో ఇక్కడొక చిక్కుంది. అసిటోన్ ఆవిరయ్యేటప్పుడు నాణెం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద మంచులా పట్టి మచ్చలు వదులుతుంది. అందుకే ఏసీ వేసి గది తేమ దించాక ఆపేసి, అప్పుడు కిటికీ తెరిచి త్వరగా ముగించండి, లేదంటే ఎండ బాగా కాసిన మధ్యాహ్నం చేయండి. రంగు పూసిన నాణేన్ని అసిటోన్‌లో వేస్తే రంగు ఊడొస్తుంది.

చింతపండు, టూత్‌పేస్టు, విభూతి, వెండి మెరిపించే ద్రావణాలు ఏవీ వద్దు. ఇంటి వెండి కంచానికి అవి సరే. ప్రూఫ్ అద్దం మీద వెంట్రుకవాసి గీతలు పడితే భూతద్దం కింద వెలుగు తిప్పగానే బయటపడతాయి, ధర సగానికి పైగా పడిపోయినా ఆశ్చర్యం లేదు. సహజంగా సమంగా నల్లబడిన నాణేన్ని అలాగే కొనేవాళ్లు ఉన్నారు, తోమిన నాణేన్ని కొనేవాళ్లు లేరు. 999 వెండి మీద పాలచుక్కల్లా కనిపించే తెల్లమచ్చలు అచ్చులోనే వచ్చే లోపం. వాటిని పోగొట్టే ప్రయత్నం చేయకండి.

ఎక్కడ కొనాలంటే, మూర్ మార్కెట్‌లో విడి నాణేలు చూడొచ్చు, తక్కెడ జేబులో ఉంటేనే వెళ్లండి. మద్రాస్ కాయిన్ సొసైటీ లాంటి సంఘాల వాళ్లతో పరిచయం పెంచుకోండి. బెంగళూరు, చెన్నై వేలాల్లో పాల్గొంటే సుత్తి పడిన ధర మీద బయ్యర్ ప్రీమియం (వేలం సంస్థ కమీషన్), జీఎస్‌టీ కలుస్తాయి, అవి కలిపాకే మీ హద్దు పెట్టుకోండి. విదేశాల నుంచి తెప్పిస్తే సుంకంతో పాటు డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ) నిబంధనలు వర్తిస్తాయి, అవి తరచు మారతాయి, ఆర్డరు పెట్టే రోజున చూసుకోండి. 2025 మే నుంచి పాకిస్తాన్ సరుకుల దిగుమతి మూడో దేశం మీదుగా కూడా నిషేధం. ఘరియాల్ నాణెం కావాలంటే ఇప్పటికే మన దేశంలో ఉన్నదే, బిల్లుతో, తీసుకోండి. నాణేలను పరీక్షించి సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి నంబరిచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థల పెట్టెల్లో ఉన్నవైతే నంబరును వాళ్ల సైట్‌లో వెతికి, అక్కడి ఫోటోతో మీ నాణెం మీది మచ్చల్నీ గీతల్నీ పోల్చండి. నకిలీ పెట్టెలూ, వాటిమీద అసలు నంబర్లూ ఉన్నాయి.

మీకు నా సలహా: పెదనాన్నగారి నాణేల్లో ఉపఖండం జంతువులు ఏవున్నాయో ముందు వేరు చేయండి. నేపాల్ ఎర్ర పాండా, డాంఫె, ఘరియాల్, మన పులి, మన ఖడ్గమృగం పైసలు కలిపితే చిన్నదైనా పూర్తయ్యే సేకరణ అవుతుంది. ఒక్కోదాన్ని తూచి, వెడల్పు, మందం, తేదీ ఒక పుస్తకంలో రాసి, రెండువైపులా పగటి వెలుగులో ఫోటో తీసి, ఆ తూకాలు ఇక్కడ పెట్టండి. ఏది ప్రూఫ్, ఏది యూఎన్‌సీ, ఏది మెరుగు పెట్టినదో ఆ అంకెల్ని బట్టి చెప్పొచ్చు.